నూనె పోస్తే వెన్న ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మాది పల్నాడులో ఒక పల్లె. రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలు పాలిస్తున్నాయి. ఇంకొకటి ఎనిమిదో నెల చూడితో వట్టిపోయి ఉంది. పాలిచ్చేవి ఈని ఐదు నెలలు దాటింది, ఒక్కోటి రోజుకు 7 లీటర్లు ఇస్తుంది. ఎండలకు పచ్చిమేత 25 కిలోల నుంచి 15 కిలోలకు పడిపోయింది. అందుకని తవుడు 2 కిలోల నుంచి 3 కిలోలకు, పత్తి గింజలు కిలో నుంచి 2 కిలోలకు పెంచాను. గింజలు నానబెట్టి మెత్తగా రుబ్బి కుడితిలో కలుపుతాం. ఎండుగడ్డి 6 కిలోలు, అందులో మార్పు లేదు. మా పక్కింటాయనకు బ్రాయిలర్ షెడ్డు ఉంది. దాణాలో నూనె కలిపితే కోళ్లు బాగా తూగుతాయని, గేదెకు పోస్తే వెన్న పెరుగుతుందని చెప్పాడు. ఒక్కో గేదెకు రోజుకు పావు లీటరు తవుడు నూనె పొయ్యడం మొదలుపెట్టాను. మూడు వారాలు తిరిగేసరికి 7.2 వచ్చే వెన్న శాతం 5.8కి దిగింది. పాలు మాత్రం తగ్గలేదు. గేదెలు నున్నగా, వీపు నిండుగా కనిపిస్తున్నాయి. పేడ పలచగా, జిడ్డుగా పడుతోంది. నెయ్యి పూస కట్టడం లేదని మా ఆవిడ అంటోంది. పాల కేంద్రంలో మోసమేమైనా జరుగుతోందా? నూనె ఇంకాస్త పెంచాలా? చూడి గేదెకు కూడా పోస్తున్నాను, మంచిదేనా?

సమాధానం: నూనె పెంచొద్దు. రేపటి నుంచి మూడు గేదెలకూ పూర్తిగా ఆపేయండి. మిగతా మార్పులు నిదానంగా చెయ్యాలి గానీ ఇదొక్కటీ వెంటనే ఆపినా నష్టం లేదు.

కేంద్రం మీద అనుమానం ఇప్పటికి పక్కన పెట్టండి. మిషన్ తప్పు చూపిస్తే చీటీ మీద అంకె మారుతుంది గానీ మీ ఇంట్లో నెయ్యి మారదు, గేదె వీపు నిండదు, పేడ జిడ్డెక్కదు. ఇవన్నీ మేత వల్ల వచ్చినవే. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. దూడను ఎప్పుడు వదులుతున్నారు? మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. ముందు మనం పిండుకుని చివర్లో దూడకు వదిలితే, అసలు వెన్నంతా దూడ తాగుతుంది. మొదట చేపుకు వదిలి, చివరి ధారల దాకా పిండి, దూడ వాటా పాలు విడిగా పట్టడం మేలు.

ఇక లెక్కలోకి వద్దాం. మీరు నూనె అంటే సీసాలోంచి పోసిన పావు లీటరే అనుకుంటున్నారు. మీ దాణాలో అంతకు ముందే చాలా నూనె ఉంది. నూనె తియ్యని మిల్లు తవుడులో సుమారు 15 శాతం నూనె ఉంటుంది. అంటే 3 కిలోల తవుడులో 450 గ్రాములు. పత్తి గింజల్లో 18 శాతం వేసుకున్నా 2 కిలోలకు 360 గ్రాములు. ఎండుగడ్డి, పచ్చిమేతల్లో కొవ్వు కొంచెమే ఉంటుంది, రెండూ కలిపి 160 గ్రాముల దాకా వస్తుంది. దీని మీద మీ పావు లీటరు, దాదాపు 230 గ్రాములు. మొత్తం 1,200 గ్రాములు. మీ గేదె తినే మేత మొత్తంలో తేమ తీసేస్తే మిగిలే ఎండు పదార్థం 13 కిలోల చిల్లర. అందులో కొవ్వు 9 శాతం అయింది! నెమరువేసే పశువుకు 6 శాతం దగ్గర ఆగిపోవాలి, మహా అయితే 7. ఎండలు ముదరక ముందు, 2 కిలోల తవుడు, కిలో గింజలు, 25 కిలోల పచ్చిమేత పెట్టినప్పుడు లెక్కేస్తే 5 శాతం పైచిలుకు ఉంది. అప్పుడు మీకు 7.2 వచ్చింది. తవుడు, గింజలు పెంచినప్పుడే గీత దాటారు. నూనెతో ఇంకా ముందుకు పోయారు.

పత్తి గింజలు పెడితే వెన్న వస్తుందని పెద్దవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. గింజలోని నూనె పొట్టు లోపల ఉండి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది, గింజతో పాటు పీచూ లోపలికి పోతుంది. మితంగా పెడితే వెన్న నిలబడుతుంది. కానీ మీరు మెత్తగా రుబ్బుతున్నారు. అప్పుడు నూనె అంతా ఒక్కసారే పొట్టలో పడుతుంది. తవుడు కూడా మారింది. పాత హల్లర్ మిల్లు తవుడులో ఊక చాలా కలిసి ఉండేది, నూనె తక్కువ. ఇప్పటి మిల్లుల తవుడు ఊక లేకుండా వస్తుంది, నూనె దండిగా ఉంటుంది. ఉప్పుడు బియ్యం తవుడైతే ఇంకా ఎక్కువ. తాతల కాలం కొలతలు నేటి తవుడుకు పనికిరావు.

అసలు నూనె ఎక్కువైతే వెన్న తగ్గడమేమిటని మీకు అనిపించే ఉంటుంది. పాలలోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. అందులో సుమారు సగం పొదుగులోనే తయారవుతుంది. దానికి ముడిసరుకు నూనె కాదు, గడ్డి. గేదె పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెడతాయి. అలా వచ్చే ఆమ్లాల్లో ముఖ్యమైంది అసిటిక్ ఆమ్లం, మనం వాడే వెనిగర్‌లో ఉండేదే. అది రక్తంలో కలిసి పొదుగు చేరుతుంది. పొదుగు దాన్ని గొలుసుగా అల్లి కొవ్వు ఆమ్లాలు చేస్తుంది. మిగతా సగం రక్తంలో తిరిగే కొవ్వు నుంచి వస్తుంది. అది కొంత మేతదీ, కొంత పశువు ఒంట్లో దాచుకున్నదీ.

పీచును అరిగించే సూక్ష్మజీవులకు నూనె పడదు. నూనె రాసిన కాగితం మీద నీళ్లు నిలవనట్టు, నూనె పట్టిన గడ్డి పీచును అవి అంటుకోలేవు. పైగా గింజల నూనెల్లోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వాటికి విషం లాంటివి. అందుకే అవి తమను తాము కాపాడుకోవడానికి ఆ ఆమ్లాలకు హైడ్రోజన్ చేర్చి సంతృప్త కొవ్వుగా, అంటే గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. మితంగా ఇస్తే ఈ పని సాఫీగా సాగిపోతుంది. మోతాదు మించితే పని మధ్యలో ఆగిపోతుంది, అరకొరగా మారిన కొవ్వులు పేగుల్లోకి జారిపోతాయి. ఆ అరకొర సరుకులో ఒకటి మీ వెన్నను మింగింది.

దాని పేరు కొంచెం నోరు తిరగదు. ట్రాన్స్-10, సిస్-12 సీఎల్‌ఏ అంటారు. సీఎల్‌ఏ అంటే కాంజుగేటెడ్ లినోలెయిక్ ఆమ్లం, ఒక రకం కొవ్వు ఆమ్లం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేల్ బామన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో దీన్ని రోజుకు 10 గ్రాముల చొప్పున నాలుగు రోజులు ఆవుల నాలుగో పొట్టలోకి నేరుగా ఎక్కించారు. పాలలో వెన్న శాతం అంతకు ముందున్నదానిలో 42 శాతం మేర తగ్గిపోయింది. అదే కుటుంబానికి చెందిన మరో రూపాన్ని అంతే మోతాదులో ఇస్తే ఏమీ కాలేదు. తర్వాత చేసిన ప్రయోగాల్లో రోజుకు మూడున్నర గ్రాములకే వెన్న ఉత్పత్తి నాలుగో వంతు తగ్గింది. పదుల లీటర్ల రూమెన్ సరుకులో నాలుగు గ్రాములు ఎంతని! కానీ అది పొదుగులో కొవ్వు తయారుచేసే జన్యువుల పని మందగించేలా చేస్తుంది. పాల పరిమాణానికి, ప్రోటీన్‌కు దాని జోలి లేదు. మీ పాలు తగ్గకుండా వెన్న ఒక్కటే పడటం సరిగ్గా దీని గుర్తు. ఈ ప్రయోగాలు ఆవుల మీద చేసినవే అయినా గేదె రూమెన్ పని చేసే తీరూ అదే.

ఇది ఊరికే జరగదు. మేతలో పీచు తగ్గి, దాణా పెరిగి, రూమెన్‌లో పులుపు ఎక్కువైతే సూక్ష్మజీవులు దారి మార్చుకుని ఈ రూపాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. మీ దగ్గర పచ్చిమేత పది కిలోలు తగ్గడం, నూనె పెరగడం ఒకేసారి జరిగాయి.

వీపు నిండిన సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 7 లీటర్ల పాలలో వెన్న 7.2 నుంచి 5.8కి పడితే గేదె రోజుకు దాదాపు 100 గ్రాముల కొవ్వు తక్కువగా ఇస్తోందన్నమాట. 230 గ్రాముల నూనె పోసి 100 గ్రాముల వెన్న పోగొట్టుకున్నారు. పొదుగు వాడుకోని ఆ శక్తి గాలిలో కలిసిపోదు, ఒంట్లో కొవ్వుగా చేరుతుంది. సీఎల్‌ఏ ఇచ్చిన ఆవుల్లో పొదుగులో కొవ్వు తయారీ తగ్గినప్పుడే ఒంటి కొవ్వు కణాల్లో ఆ పని పెరిగినట్టు పరిశోధకులు చూశారు. నున్నగా ఉన్నాయని మురిసిపోకండి, మీ డబ్బు వీపు మీదికెక్కింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఇదే పదార్థం ఎలుకలకు పెడితే ఒంటి కొవ్వు కరిగిపోతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పరీజా బృందం 1997లో చిట్టెలుకల మేతలో అర శాతం సీఎల్‌ఏ మిశ్రమం కలిపి చూసింది. వాటి ఒంట్లో కొవ్వు మామూలు మేత తిన్నవాటితో పోలిస్తే 60 శాతం దాకా తగ్గింది. ఆ తర్వాత బరువు తగ్గించే మాత్రలుగా దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. మనుషుల్లో ఫలితం చాలా స్వల్పమే. ఎలుకల్లోనైతే ఒళ్లు తగ్గినా కాలేయానికి కొవ్వు పట్టింది. ఒక జంతువులో చూసింది ఇంకో జంతువుకు అంటగట్టకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మీ పక్కింటాయన సలహాతో వచ్చిన చిక్కూ ఇదే. ఆయన కోళ్ల విషయంలో చెప్పింది నిజమే. కోడికి రూమెన్ లేదు. తిన్న నూనె ఏ మార్పూ లేకుండా పేగుల్లో అరిగి ఒంట్లోకి పోతుంది. పిండిపదార్థంతో పోలిస్తే కొవ్వులో శక్తి రెండు రెట్లకు పైనే ఉంటుంది కాబట్టి తక్కువ దాణాతో కోడి ఎక్కువ తూగుతుంది. కోడి కొవ్వు తయారుచేసుకునేది ప్రధానంగా కాలేయంలో. దాణాలో నూనె వస్తే కాలేయం తన సొంత తయారీ తగ్గించుకుంటుంది, వచ్చిన కొవ్వే ఒంట్లో చేరుతుంది. అందుకే కోడి ఒంటి కొవ్వు అది తిన్న కొవ్వులాగే ఉంటుంది. పశువుల కొవ్వు పెట్టిన బ్రాయిలర్లతో పోలిస్తే పొద్దుతిరుగుడు లాంటి నూనెలు పెట్టినవాటికి పొట్టలో కొవ్వు ముద్ద తక్కువ పట్టినట్టు పలు ప్రయోగాల్లో తేలింది. గేదెలో ఒంటి కొవ్వు తయారయ్యేది కాలేయంలో కాదు, కొవ్వు కణాల్లోనే. ముడిసరుకు కూడా ఎక్కువగా ఆ అసిటిక్ ఆమ్లమే. మేత నూనె రూమెన్ దాటేసరికి దాని రూపమే వేరు.

తిన్న కొవ్వు ఒంట్లో చేరే విషయంలో పందిది కూడా కోడి పద్ధతే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పూర్వం వేరుశనగ చేలల్లో పందుల్ని వదిలి మేపేవారు. వాటి కొవ్వు గట్టిపడక, మాంసం మెత్తగా, జిడ్డుగా ఉండేది. కొనేవాళ్లు ధర కోసేవారు. అమెరికా వ్యవసాయ శాఖలో ఎల్లిస్, ఇస్‌బెల్ అనే శాస్త్రవేత్తలు 1926లో దీని గుట్టు విప్పారు. వేరుశనగ నూనెలోని మెత్తటి కొవ్వు ఆమ్లాలే నేరుగా పంది కొవ్వులో చేరుతున్నాయని చూపించారు.

మీ ఇంటి నెయ్యి పూస కట్టకపోవడం కొంతవరకు ఇలాంటిదే. మామూలుగా గేదె ఏ నూనె తిన్నా రూమెన్ దాన్ని గట్టి కొవ్వుగా మార్చేస్తుంది కాబట్టి నెయ్యి గట్టిగా పేరుకుంటుంది. ఇప్పుడు ఆ పని అరకొరగా సాగుతోంది. పొదుగులో తయారయ్యే సంతృప్త కొవ్వులు తగ్గాయి, బయటి నుంచి వచ్చిన మెత్తటి కొవ్వుల వాటా పెరిగింది. దానికి తోడు ఎండాకాలం. నెయ్యి చెడిపోలేదు, భయం లేకుండా తినండి. పశువు మేత సరిచేస్తే పూస మళ్లీ కడుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. నూనె ఆపారు. పత్తి గింజల్ని కిలోకు తగ్గించి, నానబెట్టి కచ్చాపచ్చాగా దంచి పెట్టండి, మెత్తగా రుబ్బొద్దు. రెండో కిలో బదులు పత్తి చెక్క కిలో ఇవ్వండి. మీ తవుడులో సగం, అంటే కిలోన్నర, నూనె తీసిన తవుడుగా మార్చండి. దాణా దుకాణాల్లో డీఓబీ అని అడిగితే ఇస్తారు. ఇలా చేస్తే మొత్తం కొవ్వు మళ్లీ 5 శాతం దగ్గరికి వస్తుంది, ప్రోటీన్‌కు లోటు ఉండదు. ఈ మార్పులు వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా చెయ్యండి. పచ్చి తవుడు ఒకేసారి బస్తాలకొద్దీ కొని నిల్వ పెట్టకండి. తవుడులో నూనెను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. మిల్లు నుంచి వచ్చిన వెంటనే పని మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే కమురు వాసన తెస్తుంది. అలా విడిపోయిన కొవ్వు ఆమ్లాలు రూమెన్‌కు మామూలు నూనె కంటే చెడ్డవి. బజ్జీల బండి నుంచి తెచ్చిన వాడేసిన నూనె గురించి ఎవరైనా చెబితే అసలు వినకండి.

దాణా ఒక్కసారే పెట్టకుండా రెండు మూడు విడతలు చెయ్యండి. ముందు కొంత ఎండుగడ్డి తిననిచ్చి ఆ తర్వాత కుడితి పెట్టండి. గడ్డి మరీ పొట్టులా కత్తిరించొద్దు, గేదె నమలాలి, నెమరు వెయ్యాలి. నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలమే రూమెన్‌లో పులుపును అదుపులో ఉంచుతుంది. ఎండలకు రొప్పే పశువు నెమరు తక్కువ వేస్తుంది కాబట్టి నీడ, చల్లటి నీళ్లు, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు చల్లడం కూడా వెన్న లెక్కలోకే వస్తాయి. కొంచెం జొన్న చొప్ప దొరికితే కొనండి, ఈ రోజుల్లో నూనె సీసా కంటే అదే మంచి ఖర్చు. ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వకపోతే మొదలుపెట్టండి. ఎక్కువైన కొవ్వు ఆమ్లాలు కాల్షియం, మెగ్నీషియంలతో కలిసి సబ్బుగా మారి పేడలో పోతాయి. మీరు చూస్తున్న జిడ్డులో అదీ ఉంటుంది.

వెన్న మర్నాడే లేవదు. రూమెన్‌లో సూక్ష్మజీవుల సంత మళ్లీ సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పేడ ముందు గట్టిపడుతుంది, వెన్న తర్వాత పెరుగుతుంది. చీటీలు రోజూ చూసి టెన్షన్ పడకుండా వారం సగటు రాసుకోండి. ఉదయం, సాయంత్రం అంకెలు విడివిడిగా రాయండి. పిండే వేళల మధ్య ఎడం సమానంగా లేకపోతే ఆ రెండిటికీ తేడా ఎలాగూ ఉంటుంది.

బైపాస్ ఫ్యాట్ గురించి మీరు అడగలేదు గానీ దుకాణదారు తప్పకుండా చెబుతాడు, కాబట్టి నేనే చెప్పేస్తాను. కొవ్వు ఆమ్లాల్ని కాల్షియంతో కట్టేసి చేసిన పొడి అది. రూమెన్‌లో కరగదు, నాలుగో పొట్టలోని గాఢమైన ఆమ్లంలో విడిపోతుంది. అంటే పీచు తినే సూక్ష్మజీవుల జోలికి పోకుండా కొవ్వును దాటిస్తుంది. ఈనిన మొదటి మూడు నెలల్లో బాగా పాలిచ్చే పశువుకు లీటరు పాలకు 15 నుంచి 20 గ్రాముల లెక్కన ఇస్తే ప్రయోజనం ఉంది. ఆ రోజుల్లో పశువు తిన్నదాని కంటే పాలలో పోయేదే ఎక్కువ. మీ గేదెలు ఈని ఐదు నెలలు దాటాయి, వీపులు నిండి ఉన్నాయి. ఇప్పుడు అది కొనడం డబ్బు దండగ.

చివరిగా చూడి గేదె సంగతి. ఒంట్లో కొవ్వు పట్టిస్తే ఈనాక అది వెన్నగా వస్తుందని మీ ఆలోచన కావచ్చు. వస్తుంది, మొదటి కొన్ని వారాలు వెన్న ఎక్కువే కనిపిస్తుంది. కానీ అది పశువు కరిగిపోతూ ఇచ్చే వెన్న. మరీ కొవ్వెక్కి ఈనిన గేదె మేత సరిగా తినదు. ఒంటి కొవ్వు ఒక్కసారిగా విడుదలై కాలేయానికి చేరుతుంది. కాలేయం అంత తట్టుకోలేక తనలోనే కొవ్వు నింపుకుంటుంది, కొవ్వు కరిగేటప్పుడు వచ్చే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో పెరుగుతాయి. అదే కీటోసిస్.

అలాగని ఇప్పుడు దాన్ని పస్తులు పెట్టి చిక్కించకండి. చూడి చివర్లో మేత కోస్తే ఒంటి కొవ్వు ఇప్పుడే కరగడం మొదలై అదే ముప్పు ముందే వస్తుంది. నూనె ఆపండి, పత్తి గింజలు ఆపండి, గడ్డి కడుపు నిండా పెట్టండి, దాణా కిలో రెండు కిలోల మధ్య ఉంచండి. అరచేత్తో పక్కటెముకల మీద కాస్త నొక్కితే ఎముకలు తగలాలి, కంటికి కనిపించకూడదు. తోక మొదట్లో కొవ్వు ముద్దలు చేతికి తగులుతుంటే మరీ ఎక్కువైనట్టే, ఆ సంగతి ఈనే ముందే మీ పశువైద్యునికి చెప్పి ఉంచండి. ఈనిన తర్వాత మొదటి నెల దానివైపు కన్నేసి ఉంచండి. దాణా ముట్టకుండా ఎండుగడ్డి మాత్రమే కొరుకుతుంటే, పాలు ఒక్కసారిగా దిగితే, ఊపిరిలో తియ్యటి వాసన వస్తే ఆ రోజే డాక్టరును పిలవండి, మర్నాటికి వాయిదా వెయ్యొద్దు.